అన్నం ముట్టని ఆడపిల్లకి ఏమయింది?

ఆడపిల్ల అన్నం మానేస్తే మన ఊళ్ళలో నాలుగు మాటలు సిద్ధంగా ఉంటాయి. అలిగింది. గాలి సోకింది. కడుపులో నులిపురుగులున్నాయి. పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు వైపు గూడేలకి పోయినప్పుడు సంఘాల కార్యకర్తలం, స్వచ్ఛంద సంస్థల వాళ్ళం మనం ఐదో మాట కలుపుతాం: పేదరికం. ఈ ఐదింటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. అలిగి తినని పిల్లలుంటారు, పురుగులున్న పిల్లలుంటారు, ఇంట్లో బియ్యం లేక తినని పిల్లలు మనందరికీ తెలుసు. చిక్కెక్కడంటే, జవాబు ముందే చేతిలో ఉండటం వల్ల ఎవరమూ ఆ పిల్లని అడగం. ఎప్పటినుంచి తినడం లేదు, ఏది చూస్తే భయమేస్తుంది, ఏది తినాలనిపిస్తుంది, తిన్నాక ఏమవుతుంది అని కూర్చోబెట్టుకొని అడిగినవాళ్ళు లేకుండానే ఆరు నెలలు గడిచిపోతాయి. అప్పటికి మనిషి ఎముకలగూడై ఉంటుంది.

ఇంగ్లీషులో ఈటింగ్ డిజార్డర్స్ అనే మాటని మనం తిండి రుగ్మతలు అనుకుందాం. ఆ మాట వినగానే మనలో చాలామందికి కనిపించేది హైదరాబాదులోనో అమెరికాలోనో అద్దం ముందు నిలబడి, నడుము కొలుచుకునే డబ్బున్న యువతి. అడవి అంచున ఆకలితో ఉన్న స్త్రీల మధ్య కూర్చొని ఇటువంటి జబ్బు గురించి మాట్లాడటం వెటకారంలా ఉంటుందని మన మిత్రులే అంటారు. ఈ సంచికకి ఈ విషయం ఎంచుకున్నామని చెప్పినప్పుడు కూడా అన్నారు. ఆ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. అందులో సగం నిజముంది. ముందు ఆ సగం సంగతి చూద్దాం.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. రాష్ట్రం రెండయినా స్త్రీల రక్తం సంగతి ఒకటే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక కడుపు కొంత నిండింది, నిజమే. కానీ కంచంలో జొన్న, సామ, కొర్ర తగ్గి తెల్లన్నం పెరిగింది. పేదల తిండిని కేలరీల లెక్కకి కుదించి, చవక ధాన్యంతో ఆ లెక్క పూర్తిచేసి, పాలు, గుడ్లు, మాంసం వాళ్ళకి అక్కర్లేని విలాసాలన్నట్టు ప్రణాళికలు రచించడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఏళ్ళ తరబడి విమర్శిస్తూ వచ్చారు. కోయ, కొండరెడ్డి స్త్రీల విషయంలో దీనికి అడవి మీద ఆంక్షలు తోడయ్యాయి. దుంపలు, ఆకుకూరలు, ఇప్పపువ్వు, తునికిపళ్ళు, వెదురు కొమ్ములు సేకరించి ఇంటికి తెచ్చేది ప్రధానంగా స్త్రీలు. అడవిలోకి పోవడం తగ్గిన ప్రతి ఏడాదీ తిండి మీద ఆమె పెత్తనం కూడా తగ్గింది. కాబట్టి ఆకలిని జబ్బుగా మార్చి, రాజ్యం బాధ్యతని మనోవైద్యుడి గదిలోకి నెట్టే ప్రయత్నం ఎవరు చేసినా మనం ఒప్పుకోకూడదు.

అయితే తిండి లేకపోవడం ఒకటి. తిండి ఉన్నా తన వంతు రాకపోవడం మరొకటి. ఎదురుగా ఉన్నా తినలేకపోవడం ఇంకొకటి. మన ఉద్యమాలు మొదటిదాన్ని బాగా గుర్తించాయి. మగవాళ్ళు, పిల్లలు తిన్నాక అడుగున మిగిలింది ఆడవాళ్ళు తినే రెండోదాన్ని స్త్రీవాదం బయటపెట్టింది. 2015లో తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలోనే కూర్చోబెట్టి ఒక పూట పూర్తి భోజనం పెట్టడం మొదలయింది. ఇంటికి పంపే సరుకు ఇంటిల్లిపాదికీ పంచుకుపోతుందన్న ఎరుక దాని వెనక ఉంది. మూడోదాని దగ్గరే మనం ఆగిపోయాం. ఈ మూడూ వేర్వేరు మనుషులకి వచ్చేవి కావు, ఒకే పిల్లలో ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అడవి అంచున ఈ జబ్బు కనిపించకపోవడానికి కారణం అది లేకపోవడం కాదు. ఆకలి దాన్ని కప్పేస్తుంది.

ఇందుకు ఒక పాత ప్రయోగం మంచి సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద, వాళ్ళ అంగీకారంతో, అర్ధాకలి ప్రభావాన్ని పరిశీలించాడు. సుమారు ఆరు నెలలు సగం తిండి పెట్టారు. ఒళ్ళు తగ్గడం అందరూ ఊహించిందే. ఎవరూ అంతగా ఊహించనిది వాళ్ళ మనసుకి జరిగింది. రాత్రింబవళ్ళు తిండి ధ్యాసే. కంచాన్ని నాకడం, వంటల పుస్తకాలు చదవడం, నలుగురితో కలవలేకపోవడం, చిరాకు, దిగులు. మళ్ళీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరికి ఎంత తిన్నా ఆకలి తీరలేదు. వాళ్ళు మగవాళ్ళు, తెల్లవాళ్ళు, అందం పిచ్చి లేనివాళ్ళు. ఆకలి ఒక్కటే అంత పని చేసింది. కాబట్టి "ఇది పేదరికమా, మానసికమా?" అని మనం వేసే ప్రశ్నే తప్పు. దీర్ఘకాలపు ఆకలి మనసుని మారుస్తుంది. మారిన మనసు మళ్ళీ తిండిని తోసేస్తుంది. ఈ గొలుసు ఎక్కడ మొదలయినా ఒకేచోటికి చేరుతుంది.

లావయిపోతామన్న భయం లేకపోతే అది తిండి రుగ్మత కాదనేది రెండో అపోహ. ఇది చదువుకున్నవాళ్ళలో, డాక్టర్లలో కూడా ఎక్కువ. అనొరెక్సియా అనే జబ్బుని 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ దాదాపు ఒకేసారి వర్ణించారు. బక్కపలచని ఒళ్ళే అందమనే ఆదర్శం అప్పటికింకా రాలేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు 70 మంది రోగులని పరిశీలించి 1993లో ప్రచురించిన వ్యాసం ప్రకారం 41 మందికి లావవుతామన్న భయమే లేదు. కడుపు ఉబ్బరంగా ఉంది, ఆకలి వెయ్యడం లేదు అన్నారు. 1995లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నుంచి వచ్చిన ఒక వ్యాసం ఐదుగురు భారతీయ యువతుల గురించి దాదాపు ఇదే చెప్పింది. ఈ మాటలు మనకి కొత్తవి కావు. "తిండి సయించడం లేదక్కా", "ముద్ద గొంతు దిగడం లేదు", "కడుపులో ఏదో అడ్డం పడ్డట్టుంటది" అని మన సమావేశాల్లో స్త్రీలు చెబుతూనే ఉన్నారు. దిగులు, క్షయ, కడుపులో పుండు, గర్భం, తిండి రుగ్మత, వీటిలో ఏదయినా ఆ మాటల వెనక ఉండవచ్చు. వైద్యుడు చూస్తే తప్ప తెలియదు. కానీ "నాజూకుగా ఉండాలని డైటింగ్ చేస్తున్నావా?" అని అడిగి, "లేదు" అనగానే పుస్తకం మూసేసే వైద్యం మన పిల్లలకి ఉపయోగపడదు.

ఇక మట్టి తినడం గురించి. దీన్ని కొంచెం వివరంగానే చెప్పుకోవాలి, ఎందుకంటే తిండి రుగ్మతల జాబితాలో ఉన్నదని మనలో ఎక్కువమందికి తెలియని జబ్బు ఇదే, మన ప్రాంతంలో తరచు తారసపడేదీ ఇదే. పుట్టమన్ను, గోడకి పూసిన మట్టి, సుద్ద, బలపం, చాక్‌పీసు, బొగ్గు, బూడిద, పచ్చి బియ్యం. కడుపుతో ఉన్న స్త్రీలు తింటారు. ఎదిగే ఆడపిల్లలు తింటారు. కొంగుచాటున, గదిమూల, బడి వెనక తింటారు. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన ఐదో వర్గీకరణ గ్రంథంలో అనొరెక్సియా, బులీమియాల పక్కనే దీన్నీ పైకా పేరుతో చేర్చారు. చరక సంహిత పాండురోగాన్ని ఐదు రకాలుగా చెప్పి, అందులో ఒకటి మట్టి తినడం వల్ల వచ్చేదని పేర్కొంది. అంటే పాలిపోవడానికీ మట్టికీ సంబంధముందని మన వైద్యులకి వేల ఏళ్ళ కిందటే తెలుసు. ఇవాళ వైద్యశాస్త్రం ఆ సంబంధాన్ని రెండువైపులా చూస్తోంది. ఇనుము లోపించిన ఒళ్ళు అటువంటి కోరిక పుట్టిస్తుంది. తిన్న మట్టి, ముఖ్యంగా జిగురు బంకమట్టి, తిండిలోని ఇనుముని ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడుతుంది. ఇనుము అందిస్తే చాలామందిలో ఆ కోరిక దానంతటదే తగ్గుతుంది.

మన ఇళ్ళలో జరిగేదేమిటి? పిల్ల నోట్లో మట్టి కనిపిస్తే వీపు మీద నాలుగు దెబ్బలు, అరచేతిలో వాత. బాలకృష్ణుడు మన్ను తింటే యశోద నోరు తెరిపించి చూసిందని కథలుగా చెప్పుకుంటాం. ఆడపిల్ల తింటే మాత్రం కింది కనురెప్ప లాగి ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా అని చూసేవాళ్ళుండరు. చెడ్డ అలవాటు, బుద్ధి తక్కువ అంటారు. అవమానం వల్ల ఆమె దాచుకుంటుంది. దాచుకోవడం వల్ల రక్తం పరీక్ష జరగదు.

గూడెం పిల్లయితే ఇంకో పొర చేరుతుంది. మట్టి తినడం ఒక నెలకి మించి సాగితే, వయసుకి తగినది కాకపోతే, ఆ సమాజపు ఆచారంలో భాగం కాకపోతేనే దాన్ని రుగ్మతగా లెక్కించాలని వర్గీకరణ గ్రంథం అంటుంది. చూడ్డానికి ఇది సంస్కృతిని గౌరవించే షరతే. ఆచారం ఏదో నిర్ణయించేది ఎవరు? కొండరెడ్ల గురించి హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన పుస్తకంలో కరువు నెలల్లో మామిడి టెంకల జీడి, జీలుగు చెట్టు మొదల్లోని పిండి వండుకొని తినడం గురించి రాశాడు. అది తరతరాల జ్ఞానంతో విషాన్ని, వగరుని తీసి తినదగిందిగా చేసుకున్న ఆహారం. బయటినుంచి వచ్చిన ఉద్యోగికి టెంకల అంబలీ గోడమట్టీ ఒకటే. "వాళ్ళు ఏమైనా తింటారండీ" అని చెప్పి పక్క ఇంటికి పోతాడు. ఆకలి కాలపు వంటని అనాగరికమని ఈసడించేదీ, రక్తహీనత లక్షణాన్ని ఆచారమని వదిలేసేదీ ఒకే చిన్నచూపు. ఇది ఆచారమా అని గూడెంలోని పెద్ద ముత్తవ్వలని అడిగితే వాళ్ళే చెబుతారు. ఆ ప్రశ్న వాళ్ళని అడగాలని ఎవరికీ తట్టదు.

మరో హెచ్చరిక కూడా చెప్పాలి. పాలిపోయిన ప్రతి పిల్లకీ ఇనుము మాత్ర ఒకటే మందు అనుకోవద్దు. కోయలతో సహా మన ఆదివాసీ సమూహాల్లో సికిల్‌సెల్ జబ్బు ఉంది. దానివల్ల వచ్చే రక్తహీనత వేరు. ఆ నొప్పులకి, నీరసానికి కూడా తిండి సయించదు. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. ఆ రక్తపరీక్ష జరిగిందా లేదా అని అడగడం మన కార్యకర్తల పనిలో భాగం కావాలి. ఇక 2013 నుంచి బడుల్లో వారానికొకటి ఇస్తున్న నీలం రంగు ఇనుము మాత్రల సంగతి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, మలం నల్లబడటం. ఈ సంగతి ముందే చెప్పకపోతే పిల్లలు భయపడి కిటికీలోంచి పారేస్తారు. పారేసిన పిల్ల మొండిది కాదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు. ఈ రెండు ముక్కలు చెప్పడానికి ఎంతసేపు పడుతుంది!

హాస్టళ్ళ దగ్గరికి వద్దాం. ఆశ్రమ పాఠశాలలో పిల్ల తినడం మానేస్తే వార్డెను మొదట అనేది "ఇంటి మీద బెంగ", తర్వాత "మొండితనం". నిజంగా మొదట అడగవలసింది, ఆ అన్నం తినేట్టుందా అని. 2024 అక్టోబరు చివర కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. వాళ్ళలో ఒక విద్యార్థిని నిమ్స్‌లో చికిత్స పొందుతూ నవంబరులో చనిపోయింది. అటువంటిది చూసిన పిల్లలకి, తనే వాంతులతో నరకం చూసిన పిల్లకి, మళ్ళీ ఆ హాలులో కంచం ముందు కూర్చుంటే గొంతు మూసుకుపోవడంలో వింతేముంది? వాంతి అవుతుందన్న భయంతో, పొలమారుతుందన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయి బక్కచిక్కే స్థితికి కూడా 2013 వర్గీకరణలో చోటుంది. దానికి అందంతో, అద్దంతో సంబంధమే లేదు. బెదిరిస్తే పెరుగుతుంది, అందరిముందూ నిలబెట్టి తినిపిస్తే ఇంకా పెరుగుతుంది.

ఇక్కడే మనం జాగ్రత్తగా ఉండాలి. ఈ వ్యాసం చదివి రేపు ఎవరయినా అధికారి "మా హాస్టల్లో తిండి బాగానే ఉంది, ఆ పిల్లకి మానసిక సమస్య" అని కాగితం రాయవచ్చు. స్త్రీల ఫిర్యాదులని పిచ్చిగా కొట్టిపారెయ్యడం మనకి కొత్తేమీ కాదు. ఒకే హాస్టల్లో నలుగురు పిల్లలు ఒకేసారి తినడం మానేస్తే అది జబ్బు కాదు, ఫిర్యాదు. వంటగదిలోకి పోయి చూడాలి. అందరూ తింటున్నచోట ఒక్క పిల్ల వారాల తరబడి తినకపోతే, సెలవుల్లో ఇంటికి పోయినా తినకపోతే, అప్పుడు ఆమె పక్కన కూర్చోవాలి. అప్పుడు కూడా మొదటి ప్రశ్న ఆమె మీద ఎవరయినా చెయ్యి వేశారా అన్నది. లైంగిక హింస తర్వాత తిండి ఆగిపోవడం, లేదా ఆపుకోలేకుండా తినడం, ఈ రెండింటి గురించీ స్త్రీలతో పనిచేసేవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

అలక గురించి కూడా ఒక మాట. తిండి మానెయ్యడం మన నేల మీద ఒక భాష. 1952లో పొట్టి శ్రీరాములు 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిస్తే రాష్ట్రం ఏర్పడింది. మణిపూర్‌లో ఇరోం షర్మిల 2000 నవంబరులో మొదలుపెట్టిన దీక్షని 2016 ఆగస్టులో విరమించేదాకా ప్రభుత్వం ముక్కులో గొట్టం వేసి తిండి ఎక్కించింది. అది రాజకీయం, జబ్బు కాదు. ఇంట్లో కోడలు ముద్ద ముట్టకపోతే దాన్ని సత్యభామ అలకలాగా సరసంగా చెప్పుకుంటాం. ఆస్తి, మాట, చెయ్యి ఏవీ తనవి కానిచోట తన నోరు మూసుకోవడం ఒక్కటే ఆమె చేతిలో ఉన్న నిరసన. ఇష్టంలేని పెళ్ళి తప్పించుకోవడానికి, చదువు మాన్పించినందుకు అన్నం మానేసిన ఆడపిల్లలు ఏ జిల్లాలో లేరు? ఆ నిరసనని మనం గౌరవించాలి. ఒక్క సంగతి మరచిపోకూడదు. ఇష్టంతో మొదలయిన ఉపవాసం కొన్ని వారాలకి ఒంటి అధీనంలోకి పోతుంది. శనివారం ఒక్కపొద్దు అయినా, కార్తీక సోమవారాలయినా, అలక అయినా, తినాలనుకున్నా తినలేని రోజొకటి వచ్చే మనుషులు కొందరుంటారు. అప్పుడు "ఇన్నాళ్ళూ పంతం చేశావుగా" అని దెప్పడం క్రూరత్వం.

టీవీలు, ఫోన్ల ప్రభావం లేదని ఎవరూ అనరు. దక్షిణ పసిఫిక్‌లోని ఫిజీలో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. బొద్దుగా ఉండటమే గౌరవమైన సమాజం అది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడూ మూడేళ్ళ తర్వాతా బడిపిల్లల్ని అడిగితే, మొదటిసారి బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. 1998కి 11.3 శాతం. మన పల్లెల్లో కూడా "ఒళ్ళు చేసింది" అంటే నిన్నటిదాకా మెచ్చుకోలు. ఇప్పుడు భద్రాచలం హాస్టల్ పిల్ల చేతిలో ఉన్న ఫోన్లో కనిపించే సినిమా తార నడుమూ, ఆమె ఒంటి రంగూ ఆదివాసీ పిల్లకి రెండు రకాలుగా తను తక్కువని చెబుతున్నాయి. అయినా అంతా అందాల వ్యాపారం మీదికే నెట్టెయ్యడం తేలిక. నయోమీ ఉల్ఫ్ 1990 నాటి తన ప్రసిద్ధ పుస్తకంలో అమెరికాలో ఏటా లక్షా యాభై వేలమంది స్త్రీలు అనొరెక్సియాతో చనిపోతున్నారని రాసింది. అది చావుల లెక్క కాదు, జబ్బుపడ్డవాళ్ళ అంచనా. తర్వాతి ముద్రణల్లో సరిదిద్దారు. ఈలోగా ఆ తప్పు లెక్క ఎన్ని వేదికల మీద వినిపించిందో! మన వాదం బలంగా ఉండటానికి మనకి పెద్ద అంకెలు అక్కర్లేదు.

నిజానికి మనకి అంకెలే లేవు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు.

తల్లిని తప్పుపట్టడం మరో పాత అలవాటు. ఒకప్పుడు పాశ్చాత్య మనోవైద్యులే తల్లి పెంపకం మీద నేరం మోపేవారు. 2010లో తిండి రుగ్మతల వైద్యుల అంతర్జాతీయ సంఘం కుటుంబమే ఈ జబ్బుకి మూలకారణమనే వాదాన్ని ఖండిస్తూ ప్రకటన చేసింది. ఎదిగే పిల్లల విషయంలో ఇవాళ మంచి ఫలితాలిస్తున్న చికిత్స తల్లిదండ్రులని పక్కన కూర్చోబెట్టుకొని చేసేదే. లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రిలో రూపొందింది. తల్లిని ముద్దాయిని చేశాక ఆమె సాయం ఎలా అడుగుతాం? మగపిల్లలకి కూడా ఈ జబ్బు వస్తుందనీ, బక్కగా లేనివాళ్ళకీ ప్రాణం మీదికి తెస్తుందనీ కూడా గుర్తుంచుకోవాలి. బరువు చూసి జబ్బు తీవ్రత చెప్పలేం.

కార్యకర్తలు తప్పక తెలుసుకోవలసిన ప్రమాదం ఒకటుంది. వారాల తరబడి దాదాపు ఏమీ తినని పిల్ల దొరికితే మన ప్రేమంతా ఒక్కసారిగా కంచంలో పెట్టకూడదు. ఎండిపోయిన ఒంట్లోకి హఠాత్తుగా తిండి పడితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం వంటి లవణాలు పడిపోయి గుండె ఆగిపోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నిర్బంధ శిబిరాలనుంచి బయటపడ్డవాళ్ళలో ఇలా చనిపోయినవాళ్ళున్నారు. కళ్ళు తిరిగి పడిపోవడం, కాళ్ళు వాయడం, గుండె మరీ నెమ్మదిగా కొట్టుకోవడం, ఒళ్ళు చల్లబడటం, ముట్లు ఆగిపోవడం కనిపిస్తే భూతవైద్యుడి దగ్గరా, ఆర్‌ఎంపీ సెలైన్ దగ్గరా ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. భద్రాచలంలో ఏరియా ఆస్పత్రి ఉంది. 2022లో కొత్తగూడెంలో, 2023లో ఖమ్మంలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. గాలి సోకిందని నమ్మే ఇంటితో వాదన పెట్టుకొని సమయం పాడుచెయ్యొద్దు. వాళ్ళ మొక్కు వాళ్ళు మొక్కుకోనివ్వండి, పిల్లని మాత్రం బండెక్కించండి. 2018 మే నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కు అంటుంది. ఒంటి జబ్బుతో సమానంగా మనసు జబ్బుని చూడాలంటుంది. 2022 అక్టోబరులో మొదలయిన టెలిమానస్ 14416 నంబరుకి ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. కోయభాషలో మాట్లాడేవాళ్ళు కావాలని మనం అడగాలి.

2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం తదితర మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. సరిహద్దు అవతలి పిల్లకి దగ్గరి పట్టణం, చిరకాలంగా అలవాటయిన ఆస్పత్రి ఇప్పటికీ భద్రాచలమే. కానీ ఆమె బడి రికార్డు, రక్తపరీక్ష చీటీ, అంగన్‌వాడీ పుస్తకం ఇంకో రాష్ట్రానివి. ఆరు నెలల్లో ఎంత బరువు తగ్గిందో చెప్పే కాగితం డాక్టరు బల్ల మీదికి రాదు. అందుకని ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లల ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్, సికిల్‌సెల్ పరీక్ష వివరాలున్న పుస్తకం పిల్ల చేతికే ఇవ్వాలని భద్రాచలం, చింతూరు ఐటీడీఏలని కోరుతున్నాం. బరువు తీసేటప్పుడు తోటి పిల్లల ముందు అంకె గట్టిగా చదవొద్దని, హాస్టల్ ఏఎన్‌ఎంలకి ఈ విషయంలో రెండురోజుల శిక్షణ ఇవ్వాలని కూడా. విజ్ఞాపన పత్రం నకలు ఈ సంచికతో పాటు జిల్లా కమిటీలకి పంపుతున్నాం. సంతకాలతో పాటు మీ మండలంలో స్త్రీలు ఈ బాధని ఏ మాటలతో చెప్పుకుంటారో, కోయభాషలో దానికేమంటారో, పేర్లు లేకుండా రాసి పంపండి. శిక్షణకి వచ్చే డాక్టర్ల ముందు మొదట పెట్టవలసినవి ఆ మాటలే.